గన్నవరం నుంచి గన్నవరానికి

విజయవాడ నుంచి హైదరాబాదుకు విమానంలో గంట ప్రయాణం అంటారు. నాకు ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి, మరో ఉదయం పట్టింది. మొదటి రోజు ఆకాశంలో తిరిగి తిరిగి బయలుదేరిన చోటే దిగాను. ఊరికి తిరిగి వచ్చాక మా బడి టీచర్లు నన్ను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి, విమానం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. వాళ్ళలో ఎవరూ విమానం ఎక్కలేదు, ఎక్కే ఉద్దేశమూ లేదు. అలాంటివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నేను విజయవాడలో ఒక మిషను ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్‌ని. వయసు యాభై దాటింది. పెళ్ళి చేసుకోలేదు, అందుకు విచారించనూ లేదు. డెబ్భై నాలుగు మే నెలలో రైళ్ళు సమ్మెలో ఉన్నప్పుడు హైదరాబాదులో మా మిషను బళ్ళ మీటింగు పెట్టారు. బస్సులు పైకప్పుల దాకా నిండిపోయి వెళుతున్నాయి. మీటింగు వాయిదా వేసుకోవడం తేలికే గానీ, పెద్దలకు ఆ ఆలోచన తట్టలేదు. విమానం టిక్కెట్టు కొని పంపారు. ఆ డబ్బుతో మా బడి బెంచీలన్నిటికీ కాళ్ళు వేయించవచ్చు. ఆ మాట మీటింగులో వాళ్ళ ముఖం మీదే చెబుదామని ఎక్కాను.

వన్ టౌన్

చేతులు ఊపుకుంటూ వెళ్ళకూడదని వన్ టౌన్‌లో మామిడిపళ్ళు కొన్నాను. ఆవకాయ రోజులు. కొట్లముందు కారం, ఆవపిండి గుట్టలు పోసి కొలుస్తుంటే వీధి వీధంతా తుమ్ముతోంది. తోపుడుబళ్ళ మధ్య నుంచి పక్కకు తిరిగి నడవాలి.

చిన్నరసాలు డజను అయిదు రూపాయలు చెప్పాడు పళ్ళకొట్టాయన. విమానంలో తీసుకెళ్ళాలి, గట్టిగా ఉన్నవి ఏరమన్నాను.

"విమానంలోకాండీ? అయితే ఇంకాస్త దోరవే ఇస్తాను. పైన ఎండ దగ్గరగా తగులుద్ది గదండీ, దిగేలోపు పండిపోతాయి" అన్నాడు.

తప్పు అని చెప్పడానికి నాకూ పెద్దగా తెలియదు. ఆయన ఇచ్చినవే రెండు డజన్లు బుట్టలో సర్దించుకున్నాను. బుట్టమీద గడ్డి కప్పి పురికొసతో ఒక్క ముడి వేశాడు. ఆ ఒక్క ముడి సంగతి తరవాత వస్తుంది.

గన్నవరం

గన్నవరంలో విమానం కోసం కూర్చునే హాలు తాలూకా ఆఫీసు కంటే చిన్నది. రైలు దొరకనివాళ్ళంతా అక్కడ ఉన్నారు, రైలుకు వచ్చినట్టే వచ్చారు. ఒకాయన నీళ్ళకూజా తెచ్చాడు, మరొకాయన పరుపుచుట్ట తెచ్చాడు.

నా పక్కన భార్యాభర్తలు ఇద్దరు కూర్చున్నారు. ఆయన పేరు వెంకటరత్నంగారు. బందరు కోర్టులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, ప్రతి మాటా తూచి మాట్లాడే మనిషి. ఆవిడ మాణిక్యమ్మగారికి తూచే అలవాటు లేదు. నేను ఎందాకా వెళుతున్నానో అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే తమ సంగతంతా చెప్పేశారు.

"మా అమ్మాయి విజయ హైదరాబాదులో బ్యాంకులో చేస్తుందండీ. రేపు పదకొండింటికి రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకుంటుందట. మమ్మల్నీ రమ్మని కబురు పంపింది. ఈయన ఆపడానికి వెళ్తున్నారు."

"నువ్వు కాసేపు ఊరుకోవే" అన్నారాయన.

"నేనూరుకుంటే మాత్రం పెళ్ళి ఆగుద్దా ఏంటి?"

ఆయన నావైపు తిరిగారు. కోర్టులో సంగతి విన్నవించుకున్నట్టు నెమ్మదిగా చెప్పారు. "చట్టప్రకారం నేను చెయ్యగలిగిందేం లేదండీ. ముప్ఫై రోజుల నోటీసు పెట్టారు, అభ్యంతరాల గడువు దాటిపోయింది. పిల్లకి ఇరవయ్యారేళ్ళు. కానీ నేను ఎదురుగా నిలబడితే అది సంతకం పెట్టదు. చిన్నప్పట్నించీ అంతే. నన్ను చూస్తే చాలు, చేతిలో కలం కింద పెట్టేస్తుంది. అందుకే ఈ విమానం."

"అబ్బాయి ఎవరండీ?" అన్నాను.

"దానితోపాటే పనిచేస్తాడు. గుడివాడ వైపు వాళ్ళు. కిరస్తానీలు." అప్పుడు నా బొట్టు లేని నుదురు ఆయన కంటపడింది. మాట ఆగిపోయింది.

"ఫర్వాలేదు, చెప్పండి. మేమూ వాళ్ళమే" అన్నాను.

ఆయన కాసేపు పైన తిరుగుతున్న ఫాను వైపు చూశారు. నాకు కోపం రాలేదని చెప్పను. ఈ విమానం రేపు మధ్యాహ్నం దాకా ఆలస్యమైతే బాగుండునని మనసులో అనుకున్నాను. అలాంటివి అనుకునేటప్పుడు మనమూ అదే విమానంలో ఉంటామన్నది గుర్తుపెట్టుకోవాలి.

పిలుపు రాగానే అందరూ ఎండలో పరుగెత్తారు. ముందు చేరినాయన నాలుగు సీట్ల మీద నాలుగు తువ్వాళ్ళు పరిచాడు. బస్సయితే బయట నుంచే కిటికీలోంచి వేసేవాడు. ఇక్కడ కిటికీ తెరుచుకోదు గనక లోపలికి వెళ్ళి వెయ్యాల్సి వచ్చింది. మాణిక్యమ్మగారు మాత్రం మెట్ల దగ్గర ఆగి, కొంగున కట్టుకొచ్చిన నిమ్మకాయ తీసి, చక్రం కింద పెట్టమని ఖాకీ బట్టల మనిషికి ఇవ్వబోయారు.

"ఇది లారీ కాదమ్మా" అన్నాడతను.

"లారీకే పెడతారు గదా నాయనా. దీనికి పెట్టొద్దా?"

అతను నవ్వి ఆవిణ్ణి మెట్లెక్కించాడు. నిమ్మకాయ మళ్ళీ కొంగులోకి వెళ్ళింది.

పైన

సీట్ల మధ్య దారికి ఇవతల నేను, అవతల మాణిక్యమ్మగారు, ఆమె పక్కన కిటికీ దగ్గర ఆయన. హోస్టెసు పళ్ళెంలో పిప్పరమెంట్లు, దూది తెచ్చింది. దూది చెవుల్లో పెట్టుకోవడానికి. మాణిక్యమ్మగారు గుప్పెడు పిప్పరమెంట్లు తీసుకుని, ముందు సీటు వెనకాల ఉన్న కాగితం సంచిలో పోసి, మూతి మడిచారు. ఆ సంచి ఎందుకు పెట్టారో ఆవిడకు అరగంట తరవాత తెలిసింది. అప్పుడు పిప్పరమెంట్లు అడ్డమొచ్చాయి.

పైనుంచి మన డెల్టా చూడవలసిందే. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి పచ్చదనం లేదు. కోసిన మళ్ళు వరి కొయ్యకాళ్ళతో గోధుమరంగులో, గట్లు కొలబద్ద పెట్టి గీసినట్టు ఉన్నాయి. కృష్ణలో నీళ్ళకంటే ఇసకే ఎక్కువ. బ్యారేజీ, పక్కన ఇంద్రకీలాద్రి కనబడగానే వెంకటరత్నంగారు భార్యకు చూపించారు. ఆవిడ ఒక్కసారి చూసి కళ్ళు మూసుకున్నారు.

"అమ్మవారి నెత్తిమీంచి పోతున్నామండీ. మనం అంతెత్తులో కూర్చోవడం తప్పు కాదా?"

"టిక్కెట్టు కొన్నాం" అన్నారాయన.

కొండపల్లి కొండలు దాటాక ఎదురుగా మబ్బు నిలబడింది. వేసవిలో సాయంత్రాలు మనకు వచ్చే ఈదురుగాలి మబ్బే. ఇంట్లో ఉంటే తలుపులు వేసుకుని, ఆరేసిన బట్టలు లోపల పడేస్తాం. ఇక్కడ దానిలోపలికే వెళ్ళాం. చీకటి పడింది. విమానం ఒక్కసారిగా కిందికి జారింది. బావిలో చేద తాడు తెగినప్పుడు ఎలా పోతుందో అలా పోయింది. ఎవరిదో కూజా పగిలింది. నా బుట్టకున్న ఒక్క ముడి ఊడి, రెండు డజన్ల చిన్నరసాలూ దారిలో దొర్లాయి.

అప్పుడు వెంకటరత్నంగారు మెల్లిగా అన్నారు. "ఏమే, ఆ రెక్క మీద పంకా ఆగిపోయింది."

నేను వంగి చూశాను. నిజంగానే ఆగి ఉంది. తిరిగేటప్పుడు కనబడని రేకులు ఇప్పుడు స్పష్టంగా లెక్కపెట్టుకునేలా కనబడుతున్నాయి. హోస్టెసు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఏదో చెప్పింది. ఆమె గొంతు బాగానే ఉంది గానీ చేతులు సీటు వీపును గట్టిగా పట్టుకున్నాయి. వెంకటరత్నంగారు తెలుగు చేశారు. "రెండో ఇంజనుతో తిరిగి గన్నవరం పోతున్నాడట."

నాకు భయం వేసింది. ఆ భయానికి నా చదువూ, మా నాన్నగారు పాస్టరు కావడమూ ఏమీ అడ్డురాలేదు. దేవుడితో బేరాలాడకూడదని మా నాన్నగారు నలభై ఏళ్ళు ప్రసంగాలు చేశారు. నేను ఆ గోధుమరంగు మళ్ళ మీద వేలాడుతూ, క్షేమంగా దింపితే కాఫీ మానేస్తానని దేవుడితో అన్నాను. వదులుకోవడానికి నాకున్నది అదొక్కటే.

మామిడిపళ్ళు ముందుకు దొర్లాయి. దిగుతున్నామని అర్థమైంది. కిటికీలో తాటిచెట్లు, పూరిళ్ళు, పరుగెత్తుతున్న మనుషులు కనిపించారు. నేల ఇక చేతికి అందుతుందనగా ఇంజను అరిచింది. మామిడిపళ్ళన్నీ ఒక్కసారి వెనక్కి దొర్లాయి. మళ్ళీ పైకి లేస్తున్నాం. ఎందుకో ఎవరూ చెప్పలేదు. గాలికి కంచె పడిపోయి రన్‌వే మీదికి రెండు గేదెలు వచ్చాయని తరవాత తెలిసింది. ఆ నిమిషంలో మాకు గేదెలు తెలియవు. చావే తెలుసు.

మాణిక్యమ్మగారు దారికి అడ్డంగా చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. రెండో చేత్తో మొగుడి చెయ్యి పట్టుకున్నారు. విమానమంతా వినేలా మొక్కారు.

"కొండమీది తల్లీ, మమ్మల్ని నేలమీద దించు. పిల్ల ఇష్టపడ్డ పెళ్ళికి అడ్డు రాం. ఈయన చేత అక్షింతలు వేయిస్తాను. ఈయన చేత్తోనే వేయిస్తాను తల్లీ."

వెంకటరత్నంగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. రెండోసారి విమానం నేలను కొట్టుకుని, ఎగిరి, మళ్ళీ కొట్టుకుని ఆగింది.

మళ్ళీ గన్నవరం

దిగినవాళ్ళలో కొందరు నేలను తాకి కళ్ళకద్దుకున్నారు. తువ్వాళ్ళాయన తువ్వాళ్ళు వదిలేసి రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ కనబడలేదు. నేను క్యాంటీనుకు వెళ్ళి కాఫీ తాగాను. సగం తాగాక నా మాట గుర్తొచ్చింది. మిగతా సగం కూడా తాగేశాను.

రేపు పొద్దున్నే వేరే విమానం వస్తుందని, తొమ్మిదిన్నరకల్లా హైదరాబాదులో దింపుతారని చెప్పారు. ఆ మాట వినగానే వెంకటరత్నంగారి ముఖంలో ప్రాణం వచ్చింది. "పదకొండింటికి గదా. సరిపోతుంది" అన్నారు.

"దేనికి సరిపోద్దండీ?" అన్నారు మాణిక్యమ్మగారు. "మొక్కాను గదా."

"మొక్కింది నువ్వు. నేను కాదు."

"పిల్లాడి పుట్టుజుట్టు తల్లే మొక్కుద్ది. గుండు పిల్లాడికే చేయిస్తారు. వాణ్ణి ఎవరన్నా అడుగుతారా?"

ఆయన ఆలోచించారు. మరో దారి పట్టారు. "అసలు ప్రయాణమే జరగలేదే. బయలుదేరిన చోటే దిగాం. జరగని ప్రయాణానికి మొక్కేమిటి?"

"నేను హైదరాబాదులో దించమన్లేదండీ. నేలమీద దించమన్నాను. దించింది."

"టీచరుగారూ, మీరు చెప్పండి" అని ఇద్దరూ నావైపు తిరిగారు. ఇందాకటి కోపం నాలో ఇంకా కొంచెం మిగిలే ఉంది. అయినా సాక్షిగా ఉన్నదున్నట్టు చెప్పాను. నేలమీద అనే అన్నారని చెప్పాను.

"అయితే బస్సులో పోదాం" అన్నారాయన.

"ఈ రద్దీలో రేపటిగ్గానీ బస్సులో చోటు దొరకదు, అది చేరేసరికి పెళ్ళయిపోద్ది. మీరు ఆపలేరు. విమానమెక్కితే ఆపొచ్చు. కానీ మొక్కు తప్పుదామనే బుద్ధితో విమానమెక్కితే ఆ తల్లి రెండోసారి దించుద్దా? నేను మాత్రం ఎక్కను బాబూ."

ఆవిడ వాదన విన్నాక, అన్నేళ్ళు కోర్టులో కూర్చున్నది ఆయన కాదేమోననిపించింది.

మా ఇల్లు

సమ్మె వల్ల బెజవాడ లాడ్జీలన్నీ నిండి ఉన్నాయి. మా బడి ఆవరణలో నా ఇల్లు ఉంది, రమ్మన్నాను. ఆయన చెప్పులు విప్పి గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డారు. గోడమీద సిలువ ఎదురుగా ఉంది. చివరికి లోపలికి వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నారు.

మామిడికాయ పప్పు, వడియాలు, పెరుగు. మాణిక్యమ్మగారు తృప్తిగా తిన్నారు. ఆయన ఆకలి లేదన్నారు. పళ్ళకు ఏ దోషమూ ఉండదట, విమానంలో దొర్లిన చిన్నరసాలు నాలుగు తిన్నారు. దెబ్బ తిన్నవి ఇంకా తియ్యగా ఉన్నాయన్నారు. మా ఇంట్లో హిందువులు భోజనం చెయ్యడం కొత్త కాదు, చెయ్యకపోవడమూ కొత్త కాదు. నేను పట్టించుకోలేదు.

చేతులు కడుక్కుని వచ్చి ఆయన అడిగారు. "మీరు మొక్కులు నమ్ముతారా అండీ?"

"మాకు మొక్కులు లేవండీ. కానీ ఇవాళ పైన కాఫీ మానేస్తానని దేవుడితో అన్నాను."

"కిందికి రాగానే తాగారుగా. నేను చూశాను."

"తాగాను."

"మీకేం కాలేదు." ఆయన గొంతులో ఆశ కనబడింది.

"రేపు మళ్ళీ ఎక్కాలి గదండీ" అన్నాను.

కాసేపయ్యాక, నేనడగకుండానే ఆయన చెప్పడం మొదలుపెట్టారు. విజయ చిన్నప్పుడు కోర్టు వరండాలో కూర్చుని, ఆయన పని అయ్యేదాకా పలక మీద రాసుకునేదట. బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు నింపింది కూడా ఆయనేనట. "సంతకం మాత్రం అది పెట్టింది" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన్ను చూస్తే నాకు జాలి వేసింది. మధ్యాహ్నం నుంచి దాచుకున్న కోపం అక్కడితో పోయింది.

తెల్లవారి నేను కాఫీ కలిపి ఇద్దరికీ ఇచ్చాను. ఆయన ఒక గుటక తాగి నా చేతుల వైపు చూశారు.

"మీరు?"

"నేను తాగనండీ."

మానేశానని చెప్పుకునేంత భక్తి కాదు అది. ఉత్త భయం. ఆయనకది అర్థమైందనుకుంటాను. గ్లాసు ఖాళీ చేసి, ఎక్కువ చప్పుడు చెయ్యకుండా కింద పెట్టారు.

వంటింట్లోకి మాణిక్యమ్మగారు వచ్చారు. నిన్నంతా టీచరుగారూ అని పిలిచిన మనిషి, ఇప్పుడు వేరేగా పిలిచారు.

"వదినగారూ, ఓ గుప్పెడు బియ్యం ఇస్తారా? కాస్త పసుపు."

మన వైపు ఆడవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా వదినా అంటారు, నిజమే. వియ్యాలవారినీ అలాగే అంటారు. ఆవిడ ఏది ఉద్దేశించారో నేను అడగలేదు. డబ్బా మూత తీసి ఇచ్చాను. మాది రేషను బియ్యం, సగం నూకలే. ఆవిడ కిటికీ వెలుగులో కూర్చుని, చేటలో పోసుకుని, ఒక్కొక్క గింజే ఏరారు. అక్షింతల్లో విరిగిన గింజ ఉండకూడదు. పసుపు, చుక్క నెయ్యి వేసి కలిపి జేబురుమాలులో మూట కట్టారు. గుమ్మంలో నిలబడి వెంకటరత్నంగారు ఇదంతా చూశారు. బియ్యం ఏ డబ్బాలోంచి వచ్చిందో కూడా చూశారు. తరవాత చొక్కా తొడుక్కున్నారు.

మళ్ళీ పైన

ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. సగం సీట్లు ఖాళీ. మెట్ల దగ్గర అదే ఖాకీ మనిషి ఉన్నాడు. మాణిక్యమ్మగారు అతణ్ణి దాటి వెళుతుంటే తనే చెయ్యి చాపాడు.

"ఇలా ఇవ్వండమ్మా" అన్నాడు. నిమ్మకాయ తీసుకుని చక్రం వైపు నడిచాడు.

నిన్నటి సీట్లలోనే కూర్చున్నాం. ఎందుకో నాకు తెలియదు, వేరేచోట కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. విమానం లేచాక ఆయన కిటికీ వైపు చూడలేదు. ముందు సీటు వైపే చూస్తూ కూర్చున్నారు. కొండ కనబడినప్పుడు మాత్రం ఆవిడ కంటే ముందు ఆయనే కళ్ళు మూసుకున్నారు.

కొండపల్లి దాటాక, మబ్బేమీ లేకుండానే, విమానం రెండుసార్లు కుదిపింది. మాణిక్యమ్మగారు ఒడిలో పెట్టుకున్న జేబురుమాలు ముడి విప్పి, నాలుగు కొసలూ పరిచి, అలా తెరిచి ఉంచారు. పసుపు వాసన ఇవతలికి వచ్చింది. ఆయన దానివైపు చూడలేదు. మూడోసారి గట్టిగా కుదిపింది. నేను కళ్ళు మూసుకుని సీటు చేతులు పట్టుకున్నాను. కళ్ళు తెరిచేసరికి రుమాలు మళ్ళీ ముడివేసి ఉంది. వెంకటరత్నంగారి కుడిచెయ్యి పంచె మడతల్లో ఉంది.

బేగంపేట

దిగేటప్పుడు మెట్ల మీద కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. వెంకటరత్నంగారు ఏమీ అడగకుండా నా చేతిలో సంచీ తీసుకుని, కుడిచేత్తో పట్టుకుని కిందిదాకా మోశారు. నేలమీద నిలబడ్డాక సంచీ తిరిగి ఇచ్చి నమస్కారం చేశారు. ఆయన ముఖం చూసి ఏమీ చెప్పలేకపోయాను. కోర్టులో తీర్పు వచ్చేదాకా గుమాస్తా ముఖం అలాగే ఉంటుందేమో.

"వెళ్ళొస్తాం వదినగారూ" అన్నారు మాణిక్యమ్మగారు. ఇద్దరూ ఒక ఆటో ఎక్కి రిజిస్ట్రారాఫీసు పేరు చెప్పారు. గంట తొమ్మిదిన్నర దాటింది. పెళ్ళి ఆపడానికైనా, చెయ్యడానికైనా టైముంది.

వాళ్ళు వెళ్ళాక నేనూ రిక్షా ఎక్కాను. మీటింగులో బెంచీల సంగతి ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. నా వేళ్ళకు ఏదో అంటుకుంది. చూస్తే సంచీ పిడి పచ్చగా ఉంది. ఆయన పట్టుకున్న మేరకే, నాలుగు వేళ్ళ వెడల్పున. చెమటకు తడిసిన పసుపు. అందులో రెండు బియ్యపుగింజలు అతుక్కుని ఉన్నాయి.

గోటితో తీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. మా ఇంటి బియ్యమే. ఒక్కటీ విరగలేదు.